నీలం పట్టీ

“దేవుడి దగ్గర దీపం పెట్టి ఎన్నాళ్లయిందండీ?”

రంగురంగుల ఊలు దుప్పటి ఒళ్లో పెట్టుకుని ప్రసన్న అడిగింది. ఆమెకు ఆపరేషనైన దగ్గర్నుంచి దీపం పెట్టే పని భర్త మూర్తిగారిదే.

“రోజూ పెడుతున్నానుగా.”

“వత్తి ఎండిపోయుంది. ఇప్పుడే చూసొచ్చేను. మనకి మైల వచ్చిందా?”

మూర్తిగారు తల దించుకున్నారు.

రాజోలులో ఉన్న తోటికోడలు సీతారత్నం కోసమే ఆ దుప్పటి. డయాలసిస్ అయ్యాక చలికి వణికిపోతోందని, ఒక్కో రంగూ ఆవిడనే అడిగి అల్లుతోంది. ఆపరేషనయ్యాక ఆవిడ మాట మూర్తిగారే ఫోనులో విని చెబుతున్నారు.

“అక్కేనా?”

“వదినగారు శనివారం పోయేరు. నీకు కుట్లింకా మానలేదు. చెప్పొద్దని అందరం అనుకున్నాం.”

“అందరూనా!”

కింద పడ్డ ఊలు ఉండ తీసి ఆయన ఆమె పక్కన పెట్టేరు.

“మరి మొన్న సోమవారం, అక్క నీలం వెయ్యమందన్నారు. లేత నీలమే, ముదురు వద్దందన్నారు. నవ్విందని కూడా చెప్పేరు.”

సూదులు పక్కన పెట్టి, దుప్పటి చివర జానెడు నీలం పట్టీ మీద చెయ్యి వేసింది.

“మిగతా రంగులన్నీ అక్క అడిగినవండి. ఇదొక్కటీ మీరడిగింది.”