అమెజాన్ అడవిలో మొక్కు

“అమెజాన్ అడవంట! మన శేషాచలం రాళ్లు మనకు తెలీవా?” తిరుపతి సినిమాహాల్లో ఎవరో అరిస్తే జనం పగలబడి నవ్వారు.

మునస్వామి కడుపు చల్లబడింది. ఈ సినిమాలో ఆటవిక దొర వేషం తనకు కాకుండా తమ్ముడు మునిచంద్రకు ఇచ్చినప్పటినుంచీ అది మండుతూనే ఉంది.

తెరమీద మునిచంద్ర ఈటెతో హీరోను తరుముతూ వచ్చాడు. కొండ మొదట్లో ఆగి, చెప్పులు విడిచి, తొలి రాయికి మొక్కాడు.

“అలవాటన్నా. కాళ్లు వాటంతటవే నిలిచిపోయినాయి. సినిమా సెడగొట్టినాను,” పక్కసీట్లో మునిచంద్ర తలవంచుకున్నాడు.

“గోవిందా!” వెనక ఓ ముసలమ్మ చేతులెత్తింది. నవ్వులాగిపోయి, హాలంతా “గోవింద!” అంది. మునస్వామి నోటా అదే వచ్చింది.

“ఒరే మునీ,” అన్నాడాయన మెల్లగా. “నేనయ్యుంటే కెమెరా పక్కే సూస్తా ఉండి, కొండను మరిసిపోయుందును.”