రన్‌వే మీద కుర్చీలు

విమానం వేళకంటే ముందే వచ్చేసింది.

రన్‌వే మీద ఇంకా కుర్చీలున్నాయి.

వేయించినవాడు మేనేజరే. దిగే పెద్దమనిషి నడవక్కర్లేకుండా విమానం పక్కనే సభ జరిపించాలని ఆయన ఆలోచన. ఆ చిన్న విమానాల మైదానంలో చదునైన చోటు కూడా అదొక్కటే. ముందు ఏర్పాట్లు ఎలా ఉంటాయో చూసుకుని, విమానం వచ్చేలోగా తీయించి, దిగాక మళ్లీ వేయించవచ్చనుకున్నాడు.

వస్తున్నవాడు మామూలు మనిషి కాదు. ఆ మైదానాన్ని ఉంచాలా, మూసెయ్యాలా తేల్చడానికి పెద్దాఫీసు నుంచి వస్తున్న ఆఫీసరు. మూసేస్తే మేనేజరూ, రేడియో గదిలో ఆయన కూర్చోబెట్టిన బావమరిదీ ఒకేసారి రోడ్డున పడతారు.

బావమరిది కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"బావా! విమానం ఎలా దించాలని అడుగుతున్నారు!"

"ఎవరు?"

"పైలటే అయ్యుంటాడు. 'ఏది లాగాలి బాబూ' అంటున్నాడు."

"మనల్ని ఆటపట్టిస్తున్నాడ్రా. చక్రాలు కిందికి ఉండేలా దించమను!"

బావమరిది ఆ మాటే చెప్పాడు. చెప్పి, రేడియో కట్టేసి, కుర్చీలు మొయ్యడానికి పరుగెత్తుకొచ్చాడు.

విమానం తాగినవాడిలా ఊగుతూ కిందికి దిగింది. నేరుగా కుర్చీల మీదికి వచ్చి, ఆఖరి క్షణంలో పక్కకు ఒరిగి గడ్డిలో పడింది. రెండు గెంతులు గెంతింది. ఒక చక్రం వదిలేసింది. ముక్కు మట్టిలో గుచ్చుకుని, తోక పైకెత్తి ఆగింది.

మేనేజరు పూలగుత్తితో సహా పరుగెత్తాడు.

లోపల ఇద్దరున్నారు. ఒకాయన కోటూ టైలో, కళ్లు తేలేసి, సీట్లో వెనక్కి వాలిపోయి ఉన్నాడు. రెండో ఆయన ముసలివాడు, నలిగిన చొక్కా. ఎదురుగా ఉన్న స్టీరింగును రెండు చేతులా పట్టుకుని వదలడం లేదు. ఆ వేళ్లు విడదియ్యడానికి ఇద్దరు కావలసివచ్చారు.

ఎవరు ఎవరో మేనేజరుకు ఒకరు చెప్పక్కర్లేకపోయింది.

టై మనిషిని మోసుకొచ్చి మూడు కుర్చీల మీద పడుకోబెట్టారు. మేనేజరు ఎంతో భక్తిగా పూలగుత్తి ఆయన గుండెల మీద పెట్టాడు. అది చూసి ఊడ్చే ఆవిడ ఏడుపందుకుంది.

"చావలేదే తల్లీ! నోరు ముయ్యి!"

తర్వాత ముసలాయన మీదికి తిరిగాడు. పెద్దవాళ్లు కళ్లు మూసుకున్నా చెవులు మూసుకోరని మేనేజరు నమ్మకం. అందుకే గట్టిగా అందుకున్నాడు.

"ఎవడయ్యా నీ చేతికి విమానం ఇచ్చింది?"

"ఎవరూ ఇవ్వలేదు బాబూ, నేనే..." ముసలాయన పెదాలు తడుపుకున్నాడు. "కాసిని మంచినీళ్లు..."

"నీళ్లు తర్వాత! ఇంత పొడుగు రన్‌వే కనబడలేదూ?"

"కనబడింది. దాని మీద కుర్చీలూ కనబడ్డాయి. అవక్కడ ఎందుకేశారు?"

"కుర్చీలు తప్పించుకుని దిగడం కూడా చేతకాదన్నమాట! సార్‌కి ఏమైనా అయితే మా మైదానానికి చెడ్డపేరు కాదూ?"

"మైదానానికేం బాబూ, బంగారం లాంటిది. నేలంటే ఇంత ఇష్టం నాకెప్పుడూ కలగలేదు."

"వెటకారం కూడా ఉంది బావా," అని బావమరిది ఎగదోశాడు.

"క్షమాపణ చెప్పు. అందరి ముందూ చెప్పు."

ముసలాయన కుర్చీల వైపు చూశాడు.

"ఆయనకి ఊపిరి ఆడుతోందిగా?"

"ఆడుతోంది. నీ చలవ మాత్రం కాదు!"

"అయితే సరే. తప్పు నాదే. క్షమించండి."

నీళ్లు ఎవరూ ఇవ్వలేదు.

"ఇక నడు! నేను మేనేజరుగా ఉన్నంతకాలం నువ్వీ మైదానంలో అడుగుపెట్టడానికి వీల్లేదు."

"అదెంతకాలం బాబూ?" అని ముసలాయన నెమ్మదిగా అడిగాడు.

"రిటైరయ్యేదాకా!"

ముసలాయన తలూపాడు. మోకాళ్లకంటిన మట్టి దులుపుకుని గేటు దాటాడు. రోడ్డున పోతున్న పాలవ్యాను ఆపి, ఎక్కి వెళ్లిపోయాడు.

"భలే కడిగేశావు బావా! అక్క చూసుంటే మురిసిపోయేది."

"మీ అక్కకి నా విలువ ఎప్పుడు తెలిసింది గనక!"

అంతలో టై మనిషి మూలిగాడు. మేనేజరు చేతులు కట్టుకుని ఆయన మీదికి వంగాడు. ఇంత హాయిగా తన గుండె ఎన్నడూ కొట్టుకోలేదు.

"సార్, మీరేం కంగారుపడకండి. ఆ పైలట్‌ని గెంటించేశాను. ఇక ఈ మైదానం సంగతి మీ దయ."

టై మనిషి ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"పైలట్‌ని నేనేనండీ," అన్నాడు నీరసంగా. "గాల్లో ఉండగానే కళ్లు తిరిగాయి. పూర్తిగా తెలివి తప్పేలోపు ఒక్క మాట చెవినబడింది. బతికి ఈ మైదానంలో దిగితే దీన్ని ఎవర్నీ మూయనివ్వనని పక్కనే ఒట్టేసుకుంటున్నారు... మా ఆఫీసరుగారేరీ?"