రాజుగారి పిలుపు

“వీడూ పోయాడమ్మా,” అన్నాడు కిరీటి, లాప్‌టాప్ ముందు తల పట్టుకుని. కంప్యూటర్ ఆటలో అతను స్థాపించిన రాజ్యాన్ని వదిలేసి, ఉత్తరపు కోట సామంతుడు పక్క రాజుతో కలిశాడు.

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న సరోజినీదేవి తలెత్తింది. “ఏం తక్కువ చేశావు?”

“కోట ఇచ్చాను. పట్టాభిషేకం విందుకీ పిలిచాను. రాలేదు.”

“ఎలా పిలిచావు?”

“ఒక్క బటన్ నొక్కితే అందరికీ కబురు వెళ్తుంది.”

“నువ్వెళ్ళలేదా?”

“రాజు వెళ్ళడమేంటమ్మా?”

“అయితే అతను రావడం మాత్రం ఏంటి?”

కిరీటి గొణుక్కుంటూనే ఆటలో గుర్రమెక్కాడు. అక్కడి లెక్కలో రెండు రోజుల ప్రయాణం. రాజే గుమ్మంలోకి వచ్చేసరికి సామంతుడు లేచి నిలబడ్డాడు. మళ్ళీ చెయ్యి కలిపాడు.

“వచ్చేశాడమ్మా.”

“వినగడపకి రెండు రోజులు పట్టదురా. బండి మీద అరగంట.”

కిరీటి నవ్వు ఆగింది. ఆదివారం తిరువూరులో తన కొత్త ఇంటి గృహప్రవేశం. వినగడప బాబాయికి ఫోన్లో కార్డు పంపి వారమైంది. ఆయన చూశాడు గానీ ఏమీ అనలేదు.

ఆట ఆపేసి భార్యను కేకేశాడు. “రుచితా, కుంకుమ భరిణె తీసుకుని రా. పిన్నికి బొట్టు పెట్టి పిలవాలి.”

“గుర్రంలో పెట్రోలుందో లేదో చూసుకో,” అంది సరోజినీదేవి, ఇంకో చిక్కుడుకాయ అందుకుంటూ.