లంక నుంచి ఆఖరి పడవ

ఒక సంగతి ఒప్పుకోవాలి. ఎవరికీ తెలియని దేశాలన్నీ తిరిగినట్టు బ్లాగు రాసే నాగశ్రీ, నిజానికి రాజమండ్రి దాటలేదు. అన్నీ భీమవరం నెట్ సెంటర్లో కూర్చుని రాసినవే. 2007 వేసవిలో సిగ్గేసి, ఒక్క చోటైనా కళ్ళతో చూసి రాద్దామని గోదావరి మధ్యలో ఉన్న ఒక లంకకు వెళ్ళింది.

అక్కడ రాత్రిపూట ఎవరూ ఉండరు. పడవ నడిపే వీరాస్వామి పొద్దున ఎంతమందిని దించితే, చీకటి పడ్డాక అంతమందినీ లెక్కపెట్టుకునే వెనక్కి తీసుకెళ్తాడు. ఆ ధైర్యంతోనే ఫోటోలు తీస్తూ ఆలస్యం చేసింది. రేవుకు వచ్చేసరికి పడవ కదిలిపోయింది.

“వీరాస్వామి గారూ, ఆగండి! నేనింకా ఎక్కలేదు!”

తెడ్డు చప్పుడు ఆగింది. “ఎనిమిది మందిని దించానండి, ఎనిమిది మందీ ఎక్కేశారు. మీరెవరండీ?”

“నాగశ్రీనండి! పొద్దున పడవెక్కడానికి భయపడితే నవ్వారు కదా!”

టార్చిలైటు పడవలోనే తిరిగి ఒక పచ్చ చున్నీ మీద ఆగింది. నాగశ్రీ మెడ తడుముకుంది. తన పచ్చ చున్నీ తన మెడలోనే ఉంది.

“నాగశ్రీ గారు ఇదిగో, ఇక్కడే ఉన్నారు కదండీ!”

“పోనివ్వండి బాబాయ్ గారూ,” అంది పడవలోంచి అచ్చం తన గొంతే. “అమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది.”

తెడ్డు మళ్ళీ నీళ్ళలో పడింది.

ఎవరికీ తెలియని చోటు మీరేదైనా చూసుంటే ఈ బ్లాగు కింద కామెంట్లలో రాయండి. రాసేముందు, తిరిగొచ్చింది మీరేనో కాదో ఒకసారి చూసుకోండి.