ఒక కామా తక్కువ

"మొదటిది సున్నా ఏంటి సార్? మా పెద్దదాన్ని సున్నా పిల్ల అంటే ఊరుకుంటుందా?"

బైండింగ్ ఆవిడ మాటకు గదంతా నవ్వింది.

ప్రెస్సులో పాత మిషన్లు ఆపేశారు. మిగిలిన ఐదుగురికి కంప్యూటర్ పాఠాలు చెబుతున్నారు. పరీక్ష అయ్యాక నలుగురికే పని. ఆవిడది అద్దె ఇల్లు, ముగ్గురు పిల్లలు, సంపాదించే చెయ్యి ఒక్కటే.

మాస్టారు బోర్డు మీద గళ్లు గీశాడు.

"లిస్టు అంటే వరుసగా పెట్టిన అరలు. మొదటి అర నంబరు సున్నా. పేరుకూ పేరుకూ మధ్య కామా పెట్టాలి. మరిచారో, రెండు పేర్లూ అతుక్కుని ఒకటైపోతాయి."

"నా బుర్రకి ఎక్కదు సార్."

వెనక బెంచీలో పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. వేరే బ్రాంచి మూసేస్తే ఇక్కడికి పంపారు. అక్కడ ఏం చేసేవాడో ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

"అమ్మాయ్, మేడ ఎక్కే ముందు నేల మీద నిలబడతావు కదా. ఆ నేలే సున్నా."

"అలా చెప్పండి బాబాయ్!"

"పండిన తలకాయ, పచ్చి పాఠం," అన్నాడు మిషన్‌మ్యాన్. "తాతా, ముందు నీ సంగతి చూసుకో."

పెద్దాయన బోర్డు మీది గళ్లు పుస్తకంలోకి ఎక్కించుకున్నాడు.

శనివారం పరీక్ష. ఐదుగురి పేర్లూ లిస్టులో పెట్టాలి. అర నంబరు ఇచ్చి ఒక్కొక్కటే తెర మీదికి రప్పించాలి.

పెద్దాయన అందరికంటే ముందే ముగించి చేతులు కట్టుకు కూర్చున్నాడు. పక్కన ఆవిడ ఇంకా ఒక్కో అక్షరం వెతుక్కుంటోంది. ఆయన చూపు ఒకసారి అటు పోయింది. మాట్లాడితే ఇద్దరినీ పరీక్షలోంచి లేపేస్తారు. ఏం గుర్తొచ్చిందో, మళ్లీ తన కీబోర్డు మీదికి వంగాడు.

గంట కొట్టారు. మాస్టారు కాగితం చదివాడు.

"ముగ్గురికి తప్పుల్లేవు. బైండింగ్ అక్కకి ఒకటి. పెద్దాయనకి మూడు."

మిషన్‌మ్యాన్ వెళ్లి ఆయన తెరలోకి తొంగిచూశాడు.

"రెండు కామాలు మింగేశావా తాతా? పైగా ఒకటి నుంచి మొదలెట్టావు! మొదట రాసుకున్న నీ పేరే రాలేదు చూడు. నేల, మేడ అని ఊరందరికీ చెప్పావుగా!"

"వయసు కదా," అన్నాడు పెద్దాయన.

సంచీ తగిలించుకుని ఆవిడ దగ్గర ఆగాడు.

"మూడో పేరు తర్వాత కామా పెట్టలేదమ్మాయ్. ఇకనుంచి చూసుకో."

ఆవిడ తలూపింది. తన తప్పేమిటో మాస్టారు ఇంకా చెప్పనే లేదన్న సంగతి ఇంటికి వెళ్లాక గానీ తట్టలేదు.

పెద్దాయన పని పోయి వెళ్లిన పది రోజులకు పాత బ్రాంచి నుంచి ఆయన సర్వీసు ఫైలు వచ్చింది. బీరువాలో పెట్టమని మాస్టారు ఆవిడకే ఇచ్చాడు.

అట్ట ఊడిపోయి ఉంది. చేతి అలవాటు కొద్దీ అతికిద్దామని తెరిచింది.

మొదటి పేజీలో, ఆయన పేరు కింద ఒకటే వాక్యం: "ప్రూఫ్‌రీడర్, ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క కామా కూడా తప్పిపోనివ్వలేదు."