కొమ్మ నాటిన నేరం

“ఆర్డిత్! మొక్కల కంపెనీవాడు వచ్చేశాడే!” కంచె అవతలి నుంచి బర్నీస్ కేక పెట్టింది.

ఆర్డిత్ చేతిలోని కత్తెర కింద పడింది. వరండాలో ఆమె ముందు ఇరవై పెరుగు డబ్బాలు, వాటిలో ఇరవై హైడ్రేంజియా పూలమొక్క కొమ్మలు. ఆదివారం చర్చిలో పెళ్లికి వచ్చేవాళ్లకు పంచాలని నాటినవి, అప్పుడే వేళ్లు పోసుకున్నాయి.

ఎనిమిదేళ్ల కిందట నర్సరీలో కొన్నప్పుడే మొక్కకు కట్టిన చీటీలో స్పష్టంగా రాసి ఉంది: దీనికి పేటెంటు ఉంది, కొమ్మలు నాటి పెంచడం నిషేధం. ఆర్డిత్ చదివింది కూడా. కానీ ఆ ఏడే బర్నీస్ భర్త పోయాడు. ఓదార్చడానికి మాటలు దొరక్క ఒక కొమ్మ నాటి ఇచ్చింది. ఆ తరువాత చెయ్యి ఆగలేదు. ఆ వీధిలో పురుడొచ్చినా, పెళ్లయినా ఆమె చేతి డబ్బా ఒకటి వెళ్లాల్సిందే.

“కంపెనీవాడని నీకెలా తెలుసు?”

“చేతిలో పుస్తకం ఉందిగా! గుమ్మం గుమ్మానికీ ఆగి ఈ పూలే చూసి రాసుకుంటున్నాడు. ఎంత అడిగినా నేను నోరు విప్పలేదనుకో.”

“నువ్వా?”

“నీ పేరొక్కటే చెప్పాను.”

ఆర్డిత్ డబ్బాల మీద దుప్పటి కప్పేలోపే డెబ్బై దాటిన మనిషొకడు టోపీ తీసి మెట్లెక్కాడు.

“ఈ వీధిలో పదకొండు ఇళ్లలో ఒకటే పువ్వమ్మా. తెలుపు మీద గులాబీ అంచు. అన్నీ మీ చేతివేనట?”

అబద్ధం ఆమె పెదవులదాకా వచ్చి ఆగిపోయింది.

“పదకొండేమిటి, ఊరంతా కలిపి నలభై మూడు. ఏం చేసుకుంటారో చేసుకోండి! జైల్లో పెడితే అక్కడా ఒకటి నాటుతాను.”

ఆయన పక్కున నవ్వాడు. నవ్వుతూనే మెట్టు మీద కూలబడ్డాడు.

“నాకూ ఒకటి ఇస్తారా? మా ఇంట్లోది మొన్నటి మంచుకు చచ్చిపోయింది. కంపెనీ దీన్ని అమ్మడం ఎప్పుడో మానేసింది. మిషిగన్‌లో మూడు కౌంటీలు గాలించాను, ఎక్కడా లేదు.”

ఆర్డిత్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. దుప్పటి లాగేసి, బాగా చిగురేసిన డబ్బా ఏరి ఆయన చేతిలో పెట్టింది.

“కాస్త మెల్లగా మాట్లాడండి మహానుభావా! ఈ పువ్వును పుట్టించి పేటెంటు తీసుకున్నవాడు వింటే మనిద్దరినీ కోర్టుకీడుస్తాడు.”

ఆయన డబ్బాను పసిబిడ్డలా రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

“వాడు వింటూనే ఉన్నాడమ్మా.”