కొర్రీలాయన

కాలేజీ ఆఫీసు నాలుగో కిటికీలోంచి దరఖాస్తు అయిదోసారి బయటికొచ్చి ఆమె ముందు పడింది.

"మీ యజమాని ముద్ర సంతకం మీద పడింది. పక్కన పడాలి. మళ్ళీ వేయించుకు రా."

మొదటిసారి మార్జిన్ చాల్లేదన్నాడు. రెండోసారి సిరా నీలంగా ఉంది, నల్లగా ఉండాలన్నాడు. మూడోసారి తేదీ పైన ఉంది, కింద ఉండాలన్నాడు. నాలుగోసారి ఏమన్నాడో ఆమెకు గుర్తు లేదు. ఒళ్ళు మండిపోయి వినలేదు.

ఇలా తప్పు పట్టి కాగితం తిప్పి పంపడాన్ని ఆఫీసుల్లో కొర్రీ అంటారు. కిటికీ వెనకున్న ముసలి గుమస్తాకి పిల్లలు పెట్టిన పేరూ అదే, కొర్రీలాయన.

ఆమె తల్లితో పాటు ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పొద్దుటి షిఫ్టు చేస్తుంది. షిఫ్టు దిగి పరిగెత్తుకొచ్చేసరికి మొదటి రెండు క్లాసులు అయిపోతాయి. హాజరు తగ్గింది. పనిచేసే పిల్లలకని ఉన్న మినహాయింపు ఈ దరఖాస్తు మీద దొరక్కపోతే యూనివర్సిటీ జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. ఇక జీవితమంతా దుప్పట్లే.

"ఎల్లుండి పరీక్షలు సార్."

"తాత్కాలిక హాల్ టికెట్ ఇచ్చారుగా?"

"ఇచ్చారు. ఫైలు పెండింగ్ అని రాసి."

"మరింకేం. వెళ్ళు, వెనక వాళ్ళున్నారు."

వెనక నరమానవుడు లేడు.

ఇంటికెళ్ళి తల్లి ముందు ఏడ్చింది.

"పెద్దాయన, ఏదో చాదస్తం. పోనీలేవే," అంది తల్లి.

"చాదస్తం కాదమ్మా, పొగరు. మనలాంటోళ్ళు చదువుకుంటే ఆయనకి కడుపుమంట. ఈయన సంగతి తేల్చకపోతే నేను నీ కూతుర్నే కాదు."

ముద్ర మళ్ళీ వేయించుకెళ్ళింది. ఆరో కొర్రీ పడింది. ఈలోగా పరీక్షలు రాసేసింది, పాసైపోయింది. ఈయన అడ్డుపడ్డా పైనెవరో మంచివాళ్ళు సంతకం పెట్టి ఉంటారనుకుంది. కనుక్కోలేదు.

పై చదువుకి అక్కడే చేరింది. పని చేసుకుంటూ చదివే పిల్లల కోసం సంఘం పెట్టింది. సంఘం మొదటి పని ఏమిటో వేరే చెప్పాలా? నాలుగో కిటికీ.

తాపీమేస్త్రీ కొడుకు, లారీ డ్రైవరు కూతురు, వంటమనిషి కొడుకు, ఇలా పదకొండు మంది దొరికారు. అందరికీ కొర్రీలే. ఒకడికైతే తొమ్మిది.

ఫిర్యాదు ఆమే రాసింది. మార్జిన్ స్కేలుతో కొలిచి, నల్లసిరాతో, తేదీ కింద పెట్టి, పళ్ళు నూరుతూ రాసింది.

విచారణలో ఆయన్ని అడిగారు.

"మీరేమైనా చెప్పుకుంటారా?"

"కాగితాలు సరిగ్గా లేవు. తిప్పి పంపాను."

"అంతేనా?"

"అంతే."

రిటైరవడానికి ఎనిమిది నెలలుందనగా ఉద్యోగం ఊడింది.

ఆయన గొడుగు, అన్నం డబ్బా పట్టుకుని మెట్లు దిగుతుంటే కళ్ళారా చూడాలని ఆమె ఆ రోజు షిఫ్టు మానేసి మరీ వచ్చింది. ఆయన ఆమె దగ్గర ఆగాడు.

"ఫిర్యాదు చూశానమ్మా. బాగా రాశావు. ఒక్క కొర్రీ కూడా పెట్టలేకపోయాను."

వెటకారం అనుకుంది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తింది.

కొత్త గుమస్తా నవ్వుమొహం వాడు. కుర్చీ వేసి మరీ మాట్లాడాడు. సంఘంలో కొత్తగా చేరిన పిల్లల దరఖాస్తులు తొమ్మిది పొద్దున తీసుకుని సాయంత్రానికల్లా తేల్చేశాడు.

తొమ్మిదింటి మీదా తిరస్కారం ముద్ర. తొమ్మిది పేర్లూ కొట్టేశారు.

"ఇదేంటండీ?" అడిగిందామె.

"నేనేం చేసేదమ్మా, పైకి పంపాను. ఈ మినహాయింపు రాతలోనే ఉంది గానీ పైవాళ్ళు ఒక్కరికీ ఇవ్వరు. ఎప్పుడూ ఇవ్వలేదు."

"నాకిచ్చారు."

అతను పాత రిజిస్టరు తీసి వెతికాడు.

"ఇవ్వలేదే. మీది అసలు పైకే వెళ్ళలేదు. పరీక్షలు అయ్యేదాకా కొర్రీలోనే ఉంది. కొర్రీలో ఉన్నంతకాలం పేరు కొట్టేయడానికి లేదు కదా. పాసయ్యాక ఇక ఆ ఫైలుతో పనేముంది?"

ఆమె రిజిస్టరు లాక్కుంది. మేస్త్రీ కొడుకు, డ్రైవరు కూతురు, వాళ్ళకు ముందు ఇంకో రెండు వందల మంది. అందరివీ కొర్రీలే. అందరికీ చివర్న 'పట్టా ఇవ్వడమైనది.'

విచారణలో ఆయన ఒక్క ముక్క చెప్పి ఉంటే ఈ పట్టాలన్నీ తిరగదోడేవాళ్ళు. ఆమెది కూడా.

"ఆయన ఇల్లెక్కడ?"

"ఖాళీ చేసి వెళ్ళిపోయాడట. ఎక్కడికో ఎవరికీ తెలీదు."

ఆమె రిజిస్టరు మొదటి పేజీకి తిప్పింది. అట్టకి లోపల ఒక పాత దరఖాస్తు అతికించి ఉంది. నలభై ఏళ్ళ కిందటిది. బస్టాండులో మూటలు మోస్తూ చదివిన విద్యార్థిది.

మార్జిన్ సరిగ్గా ఉంది, సిరా నల్లగా ఉంది, తేదీ కిందే ఉంది. ఒక్క కొర్రీ కూడా లేకుండా ఆ రోజే పైకెళ్ళి, ఆ రోజే తిరస్కారమై, పేరు కొట్టేయించుకున్న ఆ విద్యార్థి ఫొటోలో ఉన్నది కొర్రీలాయనే.